బాబాయి ఫోర్ట్రాన్, నా సి, మధ్యలో లింకర్

నాకు నిలకడ తక్కువ. కూర్చున్నచోట కాసేపు కుదురుగా ఉండలేను. "కాలుగాలిన పిల్లిలాగా ఏమిటే ఆ తిరుగుడు?" అని మా అమ్మ చిన్నప్పట్నుంచీ తిట్టేది. అటువంటి మనిషి చేసుకోకూడని పని ఏదన్నా ఉంటే అది కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం. నేను దాన్నే చేసుకున్నాను. అదీ గుంటూరులో, అదీ కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని తొంభైల మొదట్లో.

ఆ వేసవిలో నా ప్రాణం తోడేసింది ఒకే ఒక్క ముక్క. నేను రాసిన ప్రోగ్రాముకూ మా బాబాయి రాసిన ప్రోగ్రాముకూ ముడి వెయ్యబోయిన ప్రతిసారీ తెర మీద అదే ప్రత్యక్షమయ్యేది. మీరు అడిగిన పేరు ఎక్కడా కనపడలేదు, అని దాని సారాంశం. ఆ పేరు మా బాబాయి లెక్కది. అది దొరకకపోతే మిల్లులో మా బాబాయి కుర్చీ పోతుంది. ఇక నేను స్థిమితంగా ఎలా ఉంటాను?

బాబాయి అంటే మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. చిలకలూరిపేట వైపు ఒక నూలు మిల్లులో మిక్సింగ్ లెక్కలు చూసేవాడు. పత్తంతా ఒకటే అనుకుంటారు తెలియనివాళ్ళు. ఒక ఊరి పత్తికి పింజ పొడుగు, ఇంకో ఊరిదానికి పొట్టి. ఒకటి మెత్తన, ఒకటి ముతక, ఒకదాన్నిండా ఆకూ చెత్తా. ఏ బేళ్ళు ఏ పాళ్ళలో కలిపితే నూలు తెగకుండా దిగుతుందో, ఖర్చు కూడా హద్దు దాటకుండా ఉంటుందో ప్రతి పొద్దునా తేల్చాలి. మిక్సింగ్ అంటే అదే. ఆ లెక్కను బాబాయి ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాషలో రాసి పెట్టాడు. రిటైరయ్యే వయసు దాటిపోయినా మిల్లువాళ్ళు ఆయన్ను పంపలేదు. లెక్క ఆయనది, ఆ లెక్క ఉన్నన్నాళ్ళూ ఆయన కుర్చీకి ఢోకా లేదు, అని మా ఇంట్లో అందరి నమ్మకం. నాదీ అదే.

ఆ లెక్క అరవైలలో పుట్టింది. నేనప్పుడు చిన్నపిల్లని. మాకు నల్లరేగడి పొలం, అందులో కొంత పత్తి, కొంత మిరప. ఇంటిల్లిపాదీ కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తూ తుమ్ముతూ ఉంటే బాబాయి ఒక్కడూ అరుగు మీద బోర్లా పడుకుని గళ్ళకాగితం మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతుండేవాడు, గడికొక అక్షరం చొప్పున. అప్పుడాయనకు పత్తి పరిశోధన చేసే ఆఫీసులో చిన్న ఉద్యోగం. కంప్యూటరు అనేది మా జిల్లాలో లేదు, చుట్టుపక్కల జిల్లాల్లోనూ లేదు. బెజవాడ పోయి రైలెక్కి, ఎక్కడో దూరాన పెద్ద ఊళ్ళో స్నేహితుణ్ణి పట్టుకుని, ఆ స్నేహితుడు పనిచేసే చోట ఉన్న యంత్రాన్ని వాడుకునేవాడు. అక్కడ ఈ కాగితాలు చూసి అట్టముక్కలకు చిల్లులు పొడిచేవారు. ఆ అట్టల కట్టను యంత్రం నోట్లో పెట్టాలి. ఎక్కడో ఒక కామా తప్పిందనుకోండి, యంత్రం కట్ట మొత్తం వెనక్కి ఉమ్మేస్తుంది. బాబాయి మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి, మళ్ళీ సెలవులు కూడబెట్టుకుని, మళ్ళీ రైలెక్కేవాడు.

"ఒరేయ్, దానికోసం మాటిమాటికీ అంతంత దూరం పోయే బదులు, మూడుముళ్ళూ వేసి ఇక్కడికే తెచ్చేసుకోరాదట్రా?" అనేది మా నాయనమ్మ. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు. ఆవిడ బాధ ఆవిడది.

ఒకసారి ఆ చిల్లుల అట్టల కట్ట ఇంటికి తెచ్చాడు. నేను దాని చుట్టూ ప్రదక్షిణాలు చేశాను.

"అందులో ఏముంది బాబాయ్?"

"పత్తి ఎట్టా కలపాలో ఉందమ్మలూ."

"ఎవరు కలుపుతారు?"

"ఇంకా ఎవరూ కలపట్లా. చూద్దాం, ఎవరన్నా అడగకపోతారా."

అడిగారు. కొన్నాళ్ళకు ఆ లెక్క సంగతి ఆ నోటా ఈ నోటా విని నూలు మిల్లువాళ్ళే కబురు పెట్టి ఉద్యోగమిచ్చారు. ఆ రైలు ప్రయాణాల వల్లనేమో, బాబాయికి ఒక అలవాటు పడిపోయింది. ఒక వాక్యం రాస్తే దాన్ని అటునుంచీ ఇటునుంచీ చదివి, మధ్యలో కాఫీ తాగొచ్చి, మళ్ళీ చదివి అప్పుడు వదిలేవాడు. నేను దానికి పూర్తిగా విరుద్ధం. ముందు రాసి పారేస్తాను, తప్పుంటే మిషనే చెబుతుందిలే అంటాను. ఆ తేడా మీద మా ఇద్దరికీ ఎప్పుడూ కీచులాటే.

ఇక ఆ వేసవి సంగతి. గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్కు పైన, అడిగినవాళ్ళకు ప్రోగ్రాములు రాసిచ్చే మా గది. నేనూ, నా భాగస్వామీ కలిసి దాన్ని నడిపేవాళ్ళం. అతనిది వేటపాలెం ముస్లిం కుటుంబం. వాళ్ళ నాన్నగారికి బ్రాడీపేటలోనే ప్రింటింగు ప్రెస్సుండేది, పెళ్ళి శుభలేఖలకు పెట్టింది పేరు. అతను నాకంటే కాస్త చిన్న, నన్ను అక్కా అనేవాడు. నాకు లేని నిదానమంతా దేవుడు అతనికే ఇచ్చాడు. మిల్లువాళ్ళు కొత్త కంప్యూటరు కొన్నారు. మిల్లు ల్యాబులో పనిచేసే పిల్లలు పత్తి వివరాలు తెర మీద నింపాలి, లెక్క దానంతట అదే జరగాలి, పాళ్ళు కాగితం మీద అచ్చు కావాలి. ఆ పని మాకిచ్చారు. బాబాయి చుట్టరికం కూడా కొంత పనిచేసి ఉంటుంది, కాదనను.

మేనేజరు గారు నెమ్మదస్తుడు, మాట తీరు కూడా మెత్తగా ఉంటుంది. మొదటిరోజే తేల్చి చెప్పాడు.

"మేడంగారూ, తొలకరి పడేలోపు నాకు చూపించెయ్యాలి. కాలేదంటే కోయంబత్తూరులో రెడీమేడుది ఒకటుంది, తెప్పించుకుంటాం. అప్పుడిక పాత లెక్కతో మాకు పని లేదండి."

పాత లెక్కతో పని లేదంటే బాబాయితో పని లేదనే కదా. నేను బస్సులో వస్తూ వస్తూ ఆ ముక్కే నములుకున్నాను. ఇంటికి రాగానే బాబాయి దగ్గర కూలబడి, "నీ లెక్క మొత్తం సి లోకి మార్చి రాసేస్తాను. చిటికెలో పని," అన్నాను. సి అంటే అప్పుడు మేం వాడే భాష. తెరలూ, అచ్చులూ అన్నీ అందులోనే రాశాను.

"ముట్టుకోవద్దు," అన్నాడు బాబాయి.

"అది కాదు బాబాయ్..."

"ముట్టుకోవద్దన్నానా! తడిసిన పత్తి వచ్చిన ఏడు అందులో ఒక మెలిక పెట్టా. పురుగు తిన్న పత్తి వచ్చిన ఏడు ఇంకోటి పెట్టా. ఎందుకు పెట్టానో ఒక్కోటి నాకే గుర్తు లేదు. నువ్వేమో శుభ్రంగా ఉండాలని అన్నీ పీకి పారేస్తావు. నూలు వడికించే స్పిన్నింగు మాస్టరు నా లెక్కనే నమ్ముతాడు. నీది నువ్వు రాసుకో. నీదాంట్లోంచి నాదాన్ని పిలిపించుకో. పలకదా ఏంటి?"

నాకు ఒళ్ళు మండింది గానీ ఆయన చెప్పిందాంట్లో తప్పు కనపడలేదు. సరే, కలుపుదాం అనుకున్నాను. రెండు భాషల్లో రాసిన రెండు ముక్కలూ విడివిడిగా మిషనుకు అర్థమయ్యే అంకెల్లోకి మారిపోతాయి. తర్వాత వాటిని పక్కపక్కన పెట్టి, ఇక్కడ అడిగింది అదిగో అక్కడుంది అంటూ ముళ్ళు వేసుకుంటూ పోయే ప్రోగ్రాము ఇంకొకటి ఉంటుంది. దాని పేరు లింకర్. ఒక ముక్క అడిగిన పేరు లింకర్‌కు ఎక్కడా దొరక్కపోతే ముడి వెయ్యదు. పేరు లేదని చెప్పేసి చేతులు దులుపుకుంటుంది. ఎక్కడ వెతికిందీ ఎందుకు దొరకలేదూ అనేది మాత్రం చచ్చినా చెప్పదు.

మొదటి చిక్కులు తొందరగానే విడిపోయాయి. ఫోర్ట్రాన్ తన పేర్ల చివర ఒక చిన్న గీత తగిలిస్తుంది, సి తగిలించదు. నా వైపునా తగిలించాను. నేను సంఖ్యను నేరుగా పంపుతుంటే, ఫోర్ట్రాన్ ఆ సంఖ్య దాచిన చోటు చెప్పమంటుంది. అదీ దిద్దుకున్నాను. బాబాయి లెక్క చాలా ముక్కలుగా ఉండటంతో వాటన్నిటినీ కలిపి ఒక మూటగా కట్టాం. అటువంటి మూటను లైబ్రరీ అంటారు. ఇక ఏయే ఫైళ్ళను కలపాలో వరసగా రాసి లింకర్‌కు ఒక ఆజ్ఞ ఇవ్వాలి. ఆ వరస నా భాగస్వామి రాశాడు. నేను నా ఉత్సాహంలో మీట నొక్కాను.

పేరు కనపడలేదు.

మళ్ళీ నొక్కాను. పేరు కనపడలేదు. పేరులో ఏమన్నా తేడా ఉందేమోనని అక్షరం అక్షరం సరిచూశాను. లేదు. మూటలో ఏయే పేర్లున్నాయో చూపించే సాధనం ఒకటుంటుంది, దాంతో మూట విప్పి చూశాను. ఉంది. నిక్షేపంలా ఉంది. వెంటనే లింకర్‌ను అడిగితే లేదంటుంది. ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకుని ఇంట్లో లేడని చెప్పే దాన్ని ఏం చెయ్యాలి? మనిషైతే చెంప పగలగొట్టేదాన్ని.

అలా వారాలు గడిచాయి. రోహిణి ఎండలు. ఫ్యాను తిరిగితే వేడిగాలి, తిరగకపోతే ఉక్క. ఏదో కొంచెం దారి దొరికినట్టు అనిపించేసరికి కరెంటు పోయేది. నేను వరండాలోకి వచ్చి ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచేదాన్ని. కిందికి దిగి గోలీసోడా తాగేదాన్ని, పైకొచ్చి మళ్ళీ నడిచేదాన్ని. ఒకరోజు కింద క్లినిక్కులో కాంపౌండరు మెట్లెక్కి వచ్చాడు.

"పైన ఎవరండీ ఆ నడక? డాక్టరుగారు పేషెంటు గుండె మీద గొట్టం పెడితే మీ అడుగులే వినపడుతున్నాయంట!"

నా భాగస్వామి పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు. చెప్పులు విప్పేసి వట్టికాళ్ళతో నడిచాను.

బాబాయి వీలైనప్పుడల్లా మిల్లు నుంచి బస్సెక్కి సాయంత్రం మా గదికి వచ్చేవాడు. చొక్కా మీద దూది పోగులు అలాగే ఉండేవి. వచ్చి నా వెనక స్టూలు మీద కూర్చునేవాడు.

"ఏమంటంది?"

"లేదంటోంది."

"నేను లేననా?"

"నువ్వు కాదు బాబాయ్. నీ లెక్క."

"అదేలే," అనేవాడు.

ఇంకో రోజు వచ్చి, చొక్కా మీది దూది పోగులు ఏరుకుంటూ కూర్చున్నాడు. ఏరుకుంటూనే అన్నాడు: "నా గది కొలతలు తీసుకుంటున్నారే. కొత్త మిషనుకి ఏసీ పెట్టాలంట. నా బల్ల వేసిన చోటే బాగుంటదంట."

"బల్ల ఇంకోచోట వేస్తారులే."

"ఎక్కడేస్తారో అడిగా. చూద్దామన్నారు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. నాకే ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆయనకు పిల్లల్లేరు, పిన్ని పోయి చాలా కాలమైంది. పొద్దున్నే లేచి, క్యారేజీ కట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ బస్సెక్కడమే ఆయన బతుకు. దాన్ని నేను నిలబెట్టాలి. నా వల్ల కాకపోతే కోయంబత్తూరు డబ్బా వస్తుంది.

మబ్బులు పట్టడం మొదలైంది. తొలకరి అంటే రైతులందరూ ఆకాశం వంక ఆశగా చూస్తారు, ఆ ఏడు నేనొక్కదాన్నే పడొద్దని మొక్కుకున్నాను.

ఒక మధ్యాహ్నం కరెంటు వచ్చింది, మళ్ళీ మీట నొక్కాను, మళ్ళీ పేరు కనపడలేదు. నాకు తిక్క పుట్టింది. నా భాగస్వామి ముత్యాల్లాగా పేర్చి పెట్టిన ఆ ఆజ్ఞ వరసను ఉన్నపళంగా చెరిపేశాను. అతను కాఫీ గ్లాసు పట్టుకుని, "అయ్యో అయ్యో, ఏందక్కా!" అంటూనే ఉన్నాడు. కోపంలో నాకు గుర్తొచ్చిన వరసలో టకటకా కొట్టుకుంటూ పోయాను. ముందు నేను రాసిన తెరల ఫైలు, తర్వాత నేను రాసిన అచ్చు ఫైలు. మీట నొక్కబోతూ బాబాయి మూట సంగతి మరిచిపోయానని గుర్తొచ్చి దాన్ని చివర తగిలించాను. ఫోర్ట్రాన్‌తో పాటే వచ్చే సొంత మూట ఒకటుంటుంది, దాన్ని ఆ వెనక పెట్టాను. నొక్కాను.

తెర ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ముడి పడిందని అర్థం. నాకు నమ్మకం కలగలేదు. ప్రోగ్రాము నడిపి చూశాను. బాబాయి లెక్క పలికింది. పింజ పొడుగులూ, పాళ్ళూ, బేళ్ళ వరసా అన్నీ తెర మీద నిండాయి. నేను కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకు కింద కాంపౌండరు మళ్ళీ మెట్లెక్కి ఉంటాడు, నాకు గుర్తు లేదు.

నా భాగస్వామి మాత్రం తెర వంక కోపంగా చూస్తున్నాడు.

"ఆయన్ని చివర పడేశావేందక్కా?"

"ఎవర్ని?"

"బాబాయిగారిని! పెద్దాయన గదా. నేను ముందే పెట్టా, అందరికంటే ముందు. నువ్వేమో తోకలాగా తగిలించావు."

అప్పుడర్థమైంది నాకు. అతను శుభలేఖలు కంపోజు చేసే ప్రెస్సులో పెరిగినవాడు. శుభలేఖలో పెద్దనాన్న పేరు ఒక వరస కిందికి జారితే పెళ్ళి పీటల దాకా గొడవలు పోతాయని వాళ్ళ నాన్నగారు వేళ్ళ మీద కొట్టి నేర్పారు. పెద్దవాళ్ళ పేరు పైన, పిల్లల పేర్లు కింద. లింకర్‌కు రాసిన వరసలో కూడా మా బాబాయిని అదే మర్యాదతో అగ్రాసనం మీద కూర్చోబెట్టాడు. నేనూ రోజూ ఆ వరస చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ తప్పనిపించలేదు. ఎలా అనిపిస్తుంది? పెద్దాయన పేరు ముందుండటం మా ఇద్దరికీ సహజమే.

పరీక్షకోసం బాబాయి మూటను మళ్ళీ మొదటికి మార్చాం. పేరు కనపడలేదంది. చివరికి జరిపాం. పలికింది. పుస్తకం తీసి చదివితే అప్పుడు బోధపడింది. లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే నడుస్తుంది, వెనక్కి తిరిగి చూడదు. మూట దగ్గరికి వచ్చినప్పుడు, అప్పటిదాకా ఎవరైనా అడిగిన పేర్లు అందులో ఉంటే తీసుకుంటుంది. అప్పటికి ఎవరూ ఏమీ అడగకపోతే మూట విప్పకుండానే ముందుకు పోతుంది. బంతిలో పప్పు వడ్డించేవాడు ఒకే ఊపున పోతున్నప్పుడు, అప్పటికి అన్నం పడని ఆకును దాటేసి పోయినట్టు. అడిగేవాళ్ళు ముందుండాలి, ఇచ్చేవాడు వాళ్ళ తర్వాత ఉండాలి. ఇంత చిన్న సంగతికి నేను వేసవంతా చెప్పులరగదీశాను.

ఆ సాయంత్రం బాబాయి వచ్చాడు. నేను నోరు విప్పేలోపలే నా భాగస్వామి సంజాయిషీ మొదలుపెట్టాడు. "మర్యాద తక్కువై కాదండీ, అది అట్టా అడుగుతంది," అని. బాబాయి మేమిద్దరం చెప్పింది శ్రద్ధగా విన్నాడు. ఆ పొద్దుటి పత్తి వివరాలు నాచేత నింపించి, తెర దగ్గరికి వంగి అంకెలు చూసుకున్నాడు. జేబులోంచి ఆ పొద్దున మిల్లులో పాత మిషను మీద కట్టిన పాళ్ళ కాగితం తీసి పక్కన పెట్టుకుని ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివాడు. అన్నీ కలిశాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎక్కడ పెడితే ఏంటిలే అమ్మలూ. పలికింది. అది చాలు," అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరికీ, కింద కాంపౌండరుకూ కూడా పునుగులు తెప్పించాడు. నేను చాలా రోజుల తర్వాత ఆకలేసి తిన్నాను.

తొలకరి ఇంకా పడలేదు. మిల్లులో మేనేజరుగారికీ స్పిన్నింగు మాస్టరుకూ చూపించాం. ల్యాబులో అమ్మాయి వివరాలు నింపింది, లెక్క జరిగింది, పాళ్ళు అచ్చయ్యాయి. మాస్టరు మాట తక్కువ మనిషి. బాబాయి కాగితంతో పోల్చి చూసుకుని తలాడించాడు. వారం పాటు రెండు రకాలుగానూ కట్టి చూశారు, అంకె తేడా రాలేదు. కోయంబత్తూరు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను. ఊరంతా చెప్పుకున్నాను కూడా.

ఆ నెలాఖరుకు మిల్లు నుంచి కబురొచ్చింది. బాబాయికి సన్మానమట, మమ్మల్నీ రమ్మన్నారు. కొత్త లెక్క మొదలైనందుకనుకుని నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. గేటు లోపల షామియానా వేశారు. బాబాయిని అందరికంటే ముందు, ఎర్ర ముఖమల్ కుర్చీలో కూర్చోబెట్టారు. దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం చేతిలో పెట్టి ఫొటో తీశారు. మేనేజరుగారు మైకు పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ మన పత్తి కలిపిన చెయ్యి ఇది. ఈ వయసులో ఎండలో వానలో ఆయన్ని తిప్పడం మనకు మర్యాద కాదు. రేపటినుంచి ఆ చేతికి విశ్రాంతి. ఆయన లెక్క మాత్రం మనతోనే ఉంటుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. అర్థమయ్యేలోపల నా చేతులు కూడా ఒకసారి కలిశాయి. బాబాయి దండలోంచి జనం వంక చూస్తున్నాడు. ఆయన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. టిఫినుకు లేచారు.

నేను మేనేజరుగారిని పక్కకు పిలిచాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

"ఇదేమిటండీ? లెక్క నిలబడితే ఆయన ఉంటారనే కదా మేమంత పాటుపడింది?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అట్లా అని నేనెప్పుడన్నానండీ? నిజం చెప్పాలంటే, కోయంబత్తూరుది తెచ్చుంటే సరిచూసుకోవడానికి ఇంకో ఏడాదన్నా ఆయన్ని ఉంచుకునేవాళ్ళం. మీరు చేసిందాంతో ఆ అవసరమే లేకుండా పోయింది. ఆయన లెక్కే కదా, ఇంక సరిచూసేదేముంది? మీ పని అంత బాగుందండి మేడంగారూ."

తిట్టడానికి కూడా చోటివ్వని మాట. ఆయన మీద నాకు ఈరోజుకీ కోపమే. కానీ ఆయన ఏ అబద్ధమూ ఆడలేదు, అదే నా కడుపుమంట. లెక్కా మనిషీ ఒకటేనని మేమే అనుకున్నాం, మిల్లు ఎప్పుడూ అనుకోలేదు.

జీపులో దింపుతామన్నారు. బాబాయి వద్దన్నాడు. రోజూ ఎక్కే బస్సే ఎక్కుతానన్నాడు. గడియారం నేను పట్టుకున్నాను. కిటికీ పక్క సీటు ఆయనకిచ్చాను. అప్పటికి వాన పడి రెండు రోజులైంది, రేగళ్ళలో అరకలు తిరుగుతున్నాయి. శాలువాను ఒళ్ళో పెట్టుకుని మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడతపెడుతున్నాడు.

"నీ లెక్క రోజూ నడుస్తుంది బాబాయ్," అన్నాను. "ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టుకోలేదు."

"నడవనీవే. మంచిదే. నేను పొద్దున్నే లేచి ఏం చెయ్యను?"

ఎంత మామూలుగా అడిగాడంటే, నాకు అవతలి పక్క కూర్చున్న మనిషి కూడా తల తిప్పి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. దాన్ని మింగి గబగబా మాట్లాడాను. మా గదికి రమ్మన్నాను. పని బోలెడుందన్నాను, ఫోర్ట్రాన్ తెలిసినవాళ్ళు మాకూ కావాలన్నాను, రేపే బల్లా కుర్చీ వేయిస్తానన్నాను. ఆయన నన్ను ఆపలేదు. నా మాటలన్నీ అయిపోయేదాకా విన్నాడు. తర్వాత శాలువా మడతపెట్టడం మానేసి నా వైపు తిరిగాడు.

"నువ్వు పిలిస్తే వస్తా అమ్మలూ, ఎందుకు రాను? కాకపోతే అది చుట్టరికం, పని కాదు. తేడా తెలియనంత ముసలోణ్ణి ఇంకా కాలేదు."